నెలలు నిండకుండా పుట్టిన పాప, 5 నెలలైనా మెడ నిలపట్లేదు

పాప అమ్మ, ఖమ్మం:
మా పాప 31 వారాలకే పుట్టింది. కేజీ నాలుగు వందల గ్రాములు. 26 రోజులు బాక్సులో పెట్టారు. మొన్నటితో అయిదు నెలలు నిండాయి. ఎత్తుకుంటే మెడ ఇంకా వాలిపోతోంది. కుక్కర్ విజిల్ వస్తే చాలు, రెండు చేతులూ బారచాపి, మళ్లీ దగ్గరికి లాక్కుని ఏడుస్తుంది. మా అత్తమ్మ దిష్టి తీసి మెడలో నల్లతాడు కట్టింది. పక్కింటి బాబు దీనికంటే పది రోజులు చిన్నోడు, అప్పుడే బోర్లాపడుతున్నాడు. నరాల్లో లోపమేమోనని నాకు రాత్రుళ్లు నిద్ర లేదు.

ఇద్దరు పిల్లల తల్లి:
మా పెద్దోడు 33 వారాలకు పుట్టాడు. ఆరో నెలలో మెడ నిలిపాడు. ఇప్పుడు రెండో తరగతి. భయపడకండి.

వార్డు అక్క:
చెల్లీ, ఇరవై ఏళ్లుగా ఇలాంటి పిల్లల వార్డులోనే స్టాఫ్ నర్సుని. ఇంకో బిడ్డని చూసి భయపడొద్దు, ఇంకో బిడ్డని చూసి ధీమా పడొద్దు. ముందు లెక్క సరిచేసుకో. 40 వారాలకు రావాల్సిన పిల్ల 9 వారాలు ముందొచ్చింది. అయిదు నెలల్లోంచి రెండు తీసెయ్. ఎదుగుదల లెక్కలో మీ పాపకి మూడు నెలలే. రెండేళ్లు వచ్చేదాకా ఇదే లెక్క. టీకాలు మాత్రం పుట్టిన తేదీ ప్రకారమే.

మెదడు పని కాన్పుతో మొదలూ కాదు, ముగియదూ. కడుపు పడిన నాలుగు వారాలకే, నెల తప్పిందని తెలిసీ తెలియకముందే, వీపు వెంబడి ఉన్న పలచటి పొర మడత పడి గొట్టంలా మూసుకుంటుంది. మెదడు, వెన్నుపాము అందులోంచే వస్తాయి. ఫోలిక్ యాసిడ్ బిళ్ల గర్భం రాకముందు నుంచే వేసుకోమనేది అందుకే. ఆరో నెలలో మెదడు పైభాగం ఇంకా దాదాపు నున్నగానే ఉంటుంది, ముడతలు ఎక్కువగా పడేది ఆ తర్వాతే.

మీ పాపకి మొదట్లో గొట్టంతో పాలు పట్టి ఉంటారు కదా. చప్పరించడం, మింగడం, ఊపిరి తీయడం ఈ మూడూ ఒక వరసలో పడటానికి దాదాపు 34 వారాలు రావాలి. 32 వారాల బిడ్డ నాలుగు చుక్కలు చప్పరించి ఊపిరి తీయడం మరిచిపోతుంది, పెదాలు నీలమవుతాయి. వీపు నిమిరి ఊపిరి తీయిస్తాం. రెండు వారాలు పోయాక అదే బిడ్డ చప్పరిస్తుంది, మింగుతుంది, ఊపిరి తీసుకుంటుంది, మళ్లీ చప్పరిస్తుంది. ఎవరూ నేర్పలేదు. ఎన్నిసార్లు చూసినా నాకు కళ్లు చెమరుస్తాయి.

మెడా అంతే. కరెంటు తీగకి తొడుగున్నట్టు నరాలకి మైలిన్ అనే కొవ్వు తొడుగు ఉంటుంది. పుట్టాక కూడా అది ఏళ్ల తరబడి వేసుకుంటూనే ఉంటుంది. ఆ తొడుగు పడేకొద్దీ పట్టు పైనుంచి కిందికి దిగుతుంది: మెడ, నడుము, తర్వాత కాళ్లు. ఆ ఉలికిపాటు దిష్టి కాదమ్మా, మోరో రిఫ్లెక్స్, అంటే పసిపిల్లల్లో దానంతటదే వచ్చే కదలిక. సరిచేసిన లెక్కలో 4 నుంచి 6 నెలలకి పోతుంది. రెండు చేతులూ సమానంగా లేస్తున్నాయా, అది చూడు. నల్లతాడు మెడలోంచి ఈ రోజే తీసెయ్, బిగుసుకుంటే ప్రమాదం.

పిడికిళ్లు ఎప్పుడూ బిగించే ఉన్నా, కాళ్లు కత్తెరలా పడుతున్నా, నీ ముఖం వైపు చూడకపోయినా, సరిచేసిన లెక్కలో నాలుగు నెలలు నిండాక కూడా మెడ నిలపకపోయినా ఆగొద్దు. పిల్లల డాక్టర్ దగ్గరికో, జిల్లా ఆసుపత్రిలో పిల్లల ఎదుగుదల లోపాలు తొందరగా గుర్తించి చికిత్స చేసే డీఈఐసీ కేంద్రానికో తీసుకెళ్లు. తొందరగా మొదలుపెట్టిన ఫిజియోథెరపీ బాగా పనిచేస్తుంది. కంటి రెటీనా పరీక్ష అయ్యిందా?

పాప అమ్మ, ఖమ్మం:
అయ్యింది అక్కా, మూడో వారంలోనే చేశారు. చేతులు రెండూ సమానంగానే లేస్తున్నాయి. తాడు తీసేశాను, అత్తమ్మ కూడా సరేనంది. పొద్దున చాప మీద బోర్లా పడుకోబెట్టి ముందు స్టీలు గిన్నె పెట్టాను. తల లేపి దాన్నే చూసింది, పది లెక్కపెట్టేదాకా. తర్వాత ముక్కు చాపకి ఆనించేసింది.

వార్డు అక్క:
మంచిది తల్లీ. మెలకువగా ఉన్నప్పుడు, నువ్వు పక్కనే కూర్చుని, రోజుకి రెండు మూడుసార్లు అలాగే పడుకోబెట్టు. నిద్రకి మాత్రం వెల్లకిలే. వచ్చే నెల చెకప్ మానొద్దు.