‘ఆరా’ను తెలుగులో ఏమందాం?

నల్లకుంటలో మా అపార్టుమెంటులోనే ఒకావిడ ధ్యానం నేర్పుతారు. మొన్న ఒక ఇంగ్లీషు కరపత్రం చేతికిచ్చి తెలుగులో రాసిపెట్టమన్నారు. మనిషి చుట్టూ ‘ఆరా’ అనే రంగుల కాంతి పొర ఒకటి ఉంటుందని, అది మసకబారితే నీరసం, చిరాకు వస్తాయని, ఉప్పునీళ్ల స్నానం, సాంబ్రాణి పొగ, దీర్ఘశ్వాసలతో దాన్ని శుభ్రం చేసుకోవచ్చని అందులో ఉంది. నేను పైన ‘మీ ఆరా శుద్ధి చేసుకోండి’ అని రాశాను. మా అమ్మ కళ్లజోడు సర్దుకుని చదివి, ‘ఎవరి గురించిరా ఆరా?’ అంది. పని అక్కడే ఆగింది. తేజస్సు, ప్రభామండలం, వర్చస్సు, ప్రాణమయ కోశం అని వరుసగా రాసి కొట్టేశాను. పెద్దలు ఒక మాట చెప్పండి.

సంస్కృతం మాస్టారి జవాబు

వర్చస్సు మాత్రం వద్దు బాబూ. వెలుగనే అర్థం ఉన్నమాట నిజమే, కానీ అమరకోశంలో మలానికి చెప్పిన పర్యాయపదాల్లో ‘వర్చస్కం’ ఒకటి. పక్కనే ‘శుద్ధి’ అని కూడా రాస్తే తెలిసినవాళ్లు నవ్వుతారు. ప్రాణమయ కోశమూ కుదరదు. తైత్తిరీయోపనిషత్తులో అది అన్నమయ కోశానికి లోపలిది. మీ కరపత్రంలోని పొర ఒంటికి బయట ఉంది. ప్రభామండలం శిల్పుల మాట, విగ్రహం తల వెనక చెక్కేది. చంద్రుడి చుట్టూ కట్టేదాన్ని పరివేషం అంటారు, అచ్చతెలుగులో వరదగుడి. ఎంత చక్కటి మాటైనా మనిషికి తగిలిస్తే వాన వస్తుందేమోనని ఆకాశం చూస్తారు.

అసలు ‘ఆరా’కు గ్రీకులో, లాటిన్‌లో అర్థం పిల్లగాలి. దానికి రంగులద్ది ప్రచారం చేసినవారిలో దివ్యజ్ఞాన సమాజం (థియోసాఫికల్ సొసైటీ) వారు ముఖ్యులు. ఆ సమాజానికి చెందిన లెడ్‌బీటర్ 1902లో రంగుల బొమ్మలతో ఒక పుస్తకమే వేశాడు.

రిటైరైన ఫిజిక్స్ లెక్చరరు గారి జవాబు

మాట సంగతి సరే, వస్తువు ఉందా అని కూడా చూడాలి కదండీ. ఆరా ఫొటోలని చూపించేవాటికి మూలం 1939లో సోవియట్ దేశంలో కిర్లియన్ కనిపెట్టిన పద్ధతి. ఎక్కువ వోల్టేజి పెడితే వేలి అంచున గాలి వెలుగుతుంది. చెమట తడిని బట్టి బొమ్మ మారుతుంది. చేతులతో శక్తిని తడిమి వైద్యం చేస్తామన్న 21 మందిని అమెరికాలో ఒక చిన్నపిల్ల పరీక్షించింది. అట్ట చాటున తన చెయ్యి వాళ్ల ఏ చేతి దగ్గర ఉందో చెప్పమంటే, 280 సార్లలో సరిగ్గా చెప్పినవి 44 శాతం. బొమ్మా బొరుసూ వేసినా సగం తగులుతాయి. 1998లో ఇది అమెరికా వైద్యుల సంఘం పత్రికలో వచ్చింది. ధ్యానంతో, తీరుబడి స్నానంతో మనసు తేలికపడదని నేననను. దానికి పొర అక్కర్లేదు.

పాతబస్తీ నుంచి ఒక సభ్యురాలి జవాబు

మాస్టారూ, సంస్కృతం దాకా ఎందుకండీ? మా పక్కింటి ఖాలా మనవడు అన్నం మానేస్తే ఎండుమిరపకాయలు మూడుసార్లు చుట్టూ తిప్పి నిప్పుల్లో వేస్తారు. ఘాటు రాకపోతే నజర్ తగిలినట్టు. మా అమ్మమ్మ లెక్కా అదే. నజర్ అంటే చూపు, దిష్టి దృష్టి నుంచి వచ్చిందే, అదీ చూపే. వాళ్లది ‘ఉతార్నా’, అంటే దించడం. మనది తీయడం. ఇద్దరికీ పోగొట్టాల్సింది ఎదుటివాళ్ల చూపే తప్ప పిల్లాడి వెలుగు కాదు. కరపత్రంలో మాత్రం మురికి పట్టింది మన సొంత వెలుగుకేనట, కడుక్కోవాల్సిన పూచీ కూడా మనదే! అందుకే ‘శుద్ధి’ అనగానే నాకు ముల్లులా గుచ్చుకుంది.

మన వెలుగుకు మనకున్న మాట ‘కళ’. కళ వస్తుంది, తప్పుతుంది, ఉట్టిపడుతుంది. జ్వరం తగ్గిన పిల్లను చూసి ‘ముఖంలో కళ వచ్చింది’ అంటాం. కళను కడుగుతామని ఎవరూ అనగా వినలేదు. చూపును తీస్తాం, కళ దానంతట అదే వస్తుంది.

అడిగిన నేనే

అందరికీ నమస్కారాలు. ‘ముఖంలో కళ తప్పిందా?’ అని శీర్షిక పెట్టి నిన్న సాయంత్రం ఆవిడకు ఇచ్చాను. రెండుసార్లు చదువుకుని, ‘బాగుంది కానీ నాయనా, బ్యూటీ పార్లరు అనుకుని వస్తారేమో’ అన్నారు. ఇంకో మాట తడితే చెప్పండి, ఆదివారం అచ్చుకు ఇవ్వాలట.