అబ్బాయి జర్మనీ వెళ్తున్నాడు, పెట్టెలో ఏం సర్దాలి?

నమస్కారం అండీ. మాది కూకట్‌పల్లి. మా అబ్బాయి ఎంఎస్ చదవడానికి వచ్చే నెల జర్మనీ వెళ్తున్నాడు. టికెట్‌లో 23 కిలోల పెట్టె ఒకటి, చేతి సామాను 8 కిలోలు, అంతే. మూడుసార్లు సర్ది, తూచి, మళ్లీ తీశాను. నిన్న రాత్రి కాటా 26 చూపించింది.

సర్టిఫికెట్లు, అడ్మిషన్ లెటర్, పవర్ బ్యాంక్ చేతి బ్యాగులోనే పెట్టాం. పాల పదార్థాలు యూరప్‌లోకి రానివ్వరు కాబట్టి నెయ్యి తీసేశాను. గోంగూర పచ్చడి మాత్రం తీయబుద్ధి కావడం లేదు. మూతకి టేపు చుట్టి రెండు కవర్లలో పెట్టాను, అయినా నూనె కారి బట్టలకి అంటుతుందేమోనని టెన్షన్.

అక్కడ ఉంటున్నవాళ్లు కాస్త చెప్పండి. కరెంటు అక్కడా 230 వోల్టులే కాబట్టి చిన్న మిక్సీ పంపొచ్చా, బరువు దండగా? ఇండక్షన్ పొయ్యి మీద మన అల్యూమినియం కుక్కర్ వేడెక్కదట, మరి స్టీలుది కొనాలా? చలికోటు ఇక్కడే కొనమంటారా?

అన్నిటికంటే ముఖ్యం, వాడికి ఆస్తమా ఉంది. ఇన్‌హేలర్లు ఎన్ని నెలలకి సరిపడా పెట్టాలి? డాక్టర్ చీటీ ఇంగ్లీషులో ఉంటే సరిపోతుందా?