రోజూ సిగరెట్ తాగే మనిషికి విటమిన్ సి బిళ్ళలు ఊపిరితిత్తులను కాపాడతాయా?

కపిలతీర్థం_రోడ్డు:
మా మామ రోజుకొక ప్యాకెట్ ఊదేస్తాడు. ‘సి బిళ్ళలు వేసుకుంటే పొగ ఊపిరితిత్తులకు పట్టదు’ అని ఎవరో చెప్పినారంట. 500 మిల్లీగ్రాములవి పొద్దునొకటి, రాత్రొకటి చప్పరిస్తా ఉన్నాడు. ఇందులో నిజమెంత?

చిత్తూరు_బెంగళూరా:
పావు వంతు నిజం. పొగ ఒంట్లోని సి ని ఖర్చు చేసేస్తుంది. అందుకే తాగేవాళ్ళకు రోజుకు 35 మి.గ్రా. అదనంగా కావాలని అమెరికా లెక్క. మగవాళ్ళకు మన దేశపు లెక్క 80, కలిపినా 115. మీ మామ మింగేది వెయ్యి!

అసలు దెబ్బ ఎక్కడంటే, పొగకు ఊపిరితిత్తుల్లోకి చేరే తెల్లరక్తకణాలు ఎలాస్టేజ్ అనే ఎంజైమ్‌ను వదుల్తాయి. అది గాలిగదుల గోడలను తినేయకుండా ఆల్ఫా-1 యాంటీట్రిప్సిన్ అడ్డుకుంటుంది. పొగ ఆ కాపలా ప్రోటీన్‌నే ఆక్సీకరించి చెడగొడుతుంది. ఈ ఆక్సీకరణను సి కొంత తగ్గించగలదు. మనలాగే సి ని సొంతంగా తయారుచేసుకోలేని గినీ పందుల్లో పొగ దెబ్బ తగ్గింది కూడా. కానీ తాగుతూనే బిళ్ళలు మింగి ఎంఫిసీమాను, అంటే ఆ గాలిగదుల గోడలు పాడైపోయే జబ్బును, ఆపుకోవచ్చని మనుషుల్లో రుజువు కాలేదు. తారు, కార్బన్ మోనాక్సైడ్ జోలికి సి పోనే పోదు.

నిమ్మతొక్క:
ఒకసారికి 200 మి.గ్రా. దాకా పేగులు దాదాపు అంతా పీల్చుకుంటాయి. వెయ్యి దాటితే సగం కూడా ఎక్కదు. ఎక్కినదాంట్లో కొంత ఆక్సలేట్‌గా మారి మూత్రంలోకి పోతుంది, రాళ్ళకు అదే దారి. 100 గ్రాముల జామకాయలో 200 పైనే ఉంటుంది, ఒక మోస్తరు కాయ చాలు. ఉప్పుకారం చల్లుకోండి, కానీ బండి మీద పొద్దున్నే కోసి పెట్టిన ముక్కలొద్దు, గాలికి సి తగ్గిపోతుంది. ఉసిరికాయ పచ్చిదే తినాలి. పప్పులో నిమ్మరసం పొయ్యి మీంచి దించినాకే పిండండి.

కపిలతీర్థం_రోడ్డు:
ఆయనకు ఇదివరకే కిడ్నీలో రాయి వచ్చిందన్నా.

నిమ్మతొక్క:
అయితే బిళ్ళలు ఈరోజే ఆపించి, డాక్టరును అడగండి. జామకాయతో సరిపెట్టండి.

చిత్తూరు_బెంగళూరా:
ఇంకోటి. ‘యాంటీఆక్సిడెంట్’ పేరుతో అమ్మే బిళ్ళల అట్ట వెనక చదవండి, బీటా కెరోటిన్ (క్యారెట్‌కు రంగునిచ్చే పదార్థం) ఉంటే తాగేవాళ్ళకు వద్దు. ఫిన్లాండ్‌లో పొగతాగే మగవాళ్ళకు రోజూ 20 మి.గ్రా. ఇచ్చి చూస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం పెరిగిందని 1994లో తేలింది. క్యారెట్ కూరకు భయపడక్కర్లేదు.

మెట్లెక్కితే ఆయాసమొస్తా ఉంటే తిరుపతి రుయా ఆసుపత్రిలో చూపించి స్పైరోమెట్రీ, అంటే ఊపిరితిత్తుల్లో ఊదే బలం కొలిచే పరీక్ష, గురించి అడగండి. పరీక్షకు గంట ముందు నుంచి సిగరెట్ ముట్టకూడదు. గొట్టంలోకి బలంగా, ఊపిరి పూర్తిగా ఖాళీ అయ్యేదాకా ఊదాలి, మొదటి సెకనులో దగ్గితే ఆ ఊదుడు లెక్కలోకి రాదు. మానడానికి ఉచిత ఫోన్ 1800-11-2356.