అయోర్టా ఆపరేషన్ తర్వాత ఇంట్లో బీపీ ఎంత ఉండాలి?

మాది పర్లాకిమిడి. నాన్నగారికి 64 ఏళ్లు. ఛాతీ నుంచి పొట్ట దాకా అయోర్టా (గుండె నుంచి ఒంటికి రక్తం తీసుకెళ్లే పెద్ద రక్తనాళం) ఉబ్బిందని మూడు వారాల క్రితం విశాఖలో ఓపెన్ ఆపరేషన్ చేశారు. వెన్నుపాముకి రక్తం తగ్గకుండా నడుములో సన్నటి గొట్టం పెట్టి వెన్నుపాము చుట్టూ ఉండే నీరు తీశారు. అయినా రెండో రోజు తెల్లవారుజామున బీపీ పడిపోయి రెండు కాళ్లూ కదల్లేదు. సగటు బీపీని (పై, కింది అంకెలను కలిపి లెక్కగట్టేది) 90కి పెంచాక కొన్ని గంటల్లో కదలిక వచ్చింది. ఆ గంటలు తలుచుకుంటే ఇప్పటికీ వణుకే.

ఇంటికొచ్చి తొమ్మిది రోజులు. ఉదయం 8కి బీపీ మాత్ర వేస్తే 10 గంటలకి 104/60 ఉంటోంది. అప్పుడు కుడికాలు బరువెక్కుతుంది, చెప్పు జారిపోయినా ఆయనకి తెలియడం లేదు. సాయంత్రం 135/80 ఉన్నప్పుడు మామూలుగానే నడుస్తున్నారు.

డిశ్చార్జి కాగితంలో ‘బీపీ అదుపులో ఉంచాలి’ అనే తప్ప అంకె లేదు. ఆసుపత్రికి నాలుగుసార్లు ఫోన్ చేస్తే రివ్యూకి రమ్మన్నారంతే. ఇక్కడి డాక్టరుగారు పై బీపీ 120 దాటకూడదంటున్నారు. మాత్ర రాత్రికి మార్చి చూశాం, తెల్లారి అదే బరువు. ఇక ఆగలేక రేపు తెల్లవారుజామునే కారులో విశాఖ బయల్దేరుతున్నాం.

మీ ఇంట్లో ఎవరికైనా ఇలా జరిగి ఉంటే, ఇంటికి పంపేటప్పుడు పై బీపీ ఎంతకంటే తగ్గకూడదని మీ సర్జన్ చెప్పారు?