జీర్ణోద్ధరణ అనొచ్చా?

నెల్లూరులో మేం చదివిన కాలేజీ పాత భవనాల్నీ, ఆవరణనీ కాపాడుకోడానికి ఒక ప్లాన్ రాస్తున్నాం, పూర్వ విద్యార్థులం నలుగురం. పేరు దగ్గరే బండి ఆగింది. మాలో ఒకాయన "జీర్ణోద్ధరణ ప్రణాళిక" అని రాసుకొచ్చాడు. జీర్ణ, ఉద్ధరణ, గుణసంధి, వ్యాకరణానికి లోటేం లేదు. కానీ గుడికి జీర్ణోద్ధరణ అంటే చాలాచోట్ల ఏం చేస్తున్నారో చూస్తూనే ఉన్నాం కదా, పాత రాతి మండపం విప్పేసి, గ్రానైట్ పరిచి, రంగులేసి, దాతల పేర్లు చెక్కిస్తారు. అందుకే నాకు భయం.

మాది మద్రాసు మిద్దె, టేకు దూలాల మీద ఇటుకల్ని నిలువుగా పేర్చి సున్నంతో కట్టింది. గోడలు గానుగ సున్నం. ఎప్పుడో "మరమ్మతు" అని కింద నాలుగడుగులు సిమెంటు పూశారు, లోపలి చెమ్మ బయటికి పోయే దారిలేక పైకెక్కి, సిమెంటు ఆగిన చోట ఉప్పు తేలి పెచ్చులూడుతోంది. మాట తేడా అయితే పని ఇలా ఉంటుంది.

అమెరికాలో కళలకి, పాత కట్టడాలకి సాయం చేసే గెట్టి ఫౌండేషన్ అనే సంస్థ 2002 నుంచి 2007 దాకా 86 క్యాంపస్‌లకి ఇలాంటి ప్లాన్లకే డబ్బిచ్చింది. వాళ్ళ ప్రభుత్వ ప్రమాణాల్లో నాలుగు మాటలున్నాయి. ఉన్నది ఉన్నట్టు నిలబెడితే ప్రిజర్వేషన్, కొత్త వాడకానికి తగ్గట్టు సర్దితే రీహాబిలిటేషన్, ఫలానా కాలంలో ఎలా ఉండేదో అలా తెస్తే రెస్టోరేషన్, పోయినదాన్ని మళ్ళీ కడితే రీకన్‌స్ట్రక్షన్. మనం నాలుగింటికీ జీర్ణోద్ధరణే అంటే, కాంట్రాక్టరు తనకి గిట్టుబాటయ్యే అర్థం తీసుకుంటాడు.

ఒంగోలు నుంచి ఒకరు: అన్నా, "నిలుపుదల" బాగుండదా? అచ్చతెలుగు.

బాగుండేది తమ్ముడూ, కానీ ఇప్పుడు నిలుపుదల అంటే బస్సులు ఆపేయడం, జీతాలు ఆపేయడం. మన పని కూడా ఆగిపోయిందనుకుంటారు!

కావలి నుంచి ఇంకొకరు: పేపర్లో రాసే "పరిరక్షణ" చాలదా?

చాలుతుంది, అదే పెట్టాలనుకుంటున్నాం. చెట్లకీ పనికొస్తుంది, వేపచెట్టుకి జీర్ణోద్ధరణ చేయలేం కదా. ల్యాండ్‌స్కేప్‌ని "భూదృశ్యం" అంటే మా తోటమాలికి అర్థం కాలేదు, "ఆవరణ" అనగానే బావి, గ్రౌండు, చెట్లు అన్నీ వేలితో చూపించాడు. రీహాబిలిటేషన్‌కే మాట దొరకలేదు. నిఘంటువు "పునరావాసం" అంటోంది, ఆ మాట వింటే మా వైపు సోమశిల ముంపు ఊళ్ళే గుర్తొస్తాయి. లైబ్రరీని ఊరు ఖాళీ చేయిస్తున్నట్టుండకూడదు. మీ ఊళ్ళో పాత కొట్టాన్ని చదువుల గదిగా మార్చుకుంటే ఏమంటారు?