గురువు లేకుండా గీత చదువుకుని సొంతంగా అర్థం చెప్పుకుంటే తప్పా?

అరుగుమీద:
నాన్న పోయి పది నెలలైంది. పెద్దకర్మ అయ్యాక గది సర్దుతుంటే ఆయన దిండు కింద గోరఖ్‌పూర్ గీతాప్రెస్ వాళ్ళ చిన్న గీత దొరికింది, జేబులో పట్టేది. రెండో అధ్యాయం 14వ శ్లోకం దగ్గర ఆర్టీసీ టికెట్ మడిచి పెట్టి ఉంది. ‘మాత్రాస్పర్శాస్తు కౌంతేయ’, చలీ వేడీ సుఖమూ దుఃఖమూ వచ్చిపోయేవి, ఓర్చుకో అని. అందులో ‘ఆగమాపాయినః’, అదే ఆ వచ్చిపోయేవి, అన్న మాట దగ్గర ఆగిపోయాను. ఆస్పత్రిలో ఆయన చలిజ్వరంతో వణుకుతుంటే దుప్పటి మీద దుప్పటి కప్పుతూ, అరగంటకే చెమటలు పడితే మళ్ళీ తీస్తూ కూర్చున్న రాత్రి గుర్తొచ్చింది. శీతోష్ణాలంటే నాకు అదే. రోజూ పడుకునే ముందు చదువుకుంటున్నా, కాస్త నిద్ర పడుతోంది.

మొన్న మా అపార్ట్‌మెంట్ పారాయణంలో ఈ సంగతి చెప్తే ఒక పెద్దాయన ‘భాష్యం చూడకుండా, గురుముఖతః వినకుండా సొంత అర్థాలు తీయకూడదమ్మా, పాపం’ అన్నారు. అప్పట్నుంచి పుస్తకం తెరవాలంటే టెన్షన్. మీరేమంటారు?

పదచ్ఛేదం:
పాపం అనడం ఎక్కువే గానీ ఆయన భయం ఊరికే కాదండీ. ‘కర్మణ్యేవాధికారస్తే’ సంగతే చూడండి. జీతం పెంచమని అడిగితే మా మేనేజర్ నాకు ఈ శ్లోకమే చెప్పాడు, ఫలితం ఆశించకూడదట (తన బోనస్ మాత్రం తీసుకున్నాడు). నాలుగు పాదాల శ్లోకంలో జనం రెండే చెప్తారు. నాలుగోది ‘మా తే సంగోఽస్త్వకర్మణి’, పని మానేసి కూర్చోవడం మీద మనసు పడకు అని. పైగా ‘తే’ అంటే నీకు, అంటే అర్జునుడికి. ఆ మాట పట్టుకునే శంకరులు ‘నీకు కర్మలోనే అధికారం, జ్ఞాననిష్ఠలో కాదు’ అని రాశారు. ఇదంతా వదిలేసి ఎవరికి తోచింది వాళ్ళు అనుకుంటూ పోతే, గాంధీ గీత చదివాడు, ఆయన్ని చంపినవాడూ చదివాడు. ఎలా తేలుస్తారు?

అడ్డప్రశ్న:
ఏ భాష్యం అన్నా? శంకరులు, రామానుజులు, మధ్వులు, ముగ్గురికీ కుదరలేదు కదా. అసలు శంకరులే భాష్యం మొదట్లో, జనం దీన్ని ఒకదానికొకటి పొసగని అర్థాల్లో తీసుకుంటున్నారు కాబట్టి రాస్తున్నానన్నారు. ఆయన రాశాక ఏమైనా తగ్గిందా? తిలక్ మాండలే జైల్లో 1910-11లో పెన్సిల్‌తో గీతారహస్యం రాసి, సన్యాసం కాదు కర్మయోగమే అసలు సంగతి అన్నాడు, 1915లో అచ్చయింది. గాంధీ అయితే మొదటిసారి గీత చదివిందే లండన్‌లో, అదీ ఇంగ్లిష్ అనువాదంలో. కురుక్షేత్రం మన గుండెలోనే ఉందన్నాడు. ఇవీ సొంత అర్థాలే, పెద్దవాళ్ళు చెప్పారు కాబట్టి చెల్లాయి.

పదచ్ఛేదం:
తిలక్‌కి సంస్కృతం కొట్టిన పిండి. పాత భాష్యాలన్నీ చదివి, వాటితో ఎక్కడ ఒప్పుకోలేదో ఎందుకు ఒప్పుకోలేదో వందల పేజీలు రాశాడు. ‘నాకలా అనిపించింది’ అనడమూ అదీ ఒకటేనా? నాలుగో అధ్యాయంలో కృష్ణుడే ‘తద్విద్ధి ప్రణిపాతేన పరిప్రశ్నేన సేవయా’ అన్నాడు, తెలిసినవాళ్ళ దగ్గరికెళ్ళి నేర్చుకో అని.

అడ్డప్రశ్న:
అందులోనే ‘పరిప్రశ్న’ కూడా ఉంది. ఆ పెద్దాయన దగ్గర ప్రశ్నకి చోటుందా? అంతా చెప్పేశాక 18లో ‘యథేచ్ఛసి తథా కురు’ అన్నాడుగా, నీ ఇష్టం వచ్చినట్టు చెయ్యి అని.

పదచ్ఛేదం:
దానికి ముందున్న ‘విమృశ్యైతదశేషేణ’ మింగేశారు. ఏమీ మిగల్చకుండా మొత్తం ఆలోచించాక నీ ఇష్టం అన్నాడు. ఒక్క శ్లోకం దగ్గర టికెట్ పెట్టుకుని కాదు.

వీధిచివర:
కాస్త నెమ్మది. అది ఆవిడ నాన్నగారు పెట్టిన టికెట్.

సొంత అర్థం అంటూ ఆవిడ మీద పడ్డారు గానీ, మనమందరం కలిసి చేసిన పని మాటేంటి? మైకులో ఘంటసాల గారి భగవద్గీత వినబడితే ఎవరు పోయారో అని గుమ్మంలోకొచ్చి చూస్తాం. ఆయన పాడింది శవయాత్ర బండి కోసమా? పెళ్ళింట్లో ఆ రికార్డు పెట్టమనండి, పెళ్ళికూతురి మేనత్త వచ్చి మైకు వైరు పీకేస్తుంది. ఏ భాష్యంలోనూ లేని ఈ అర్థాన్ని ఏ గురువూ ఆపలేదు.

పదచ్ఛేదం:
టికెట్ మాట నోరుజారాను, ఏమీ అనుకోకండమ్మా. నిజానికి మీకు తట్టింది శ్లోకం దాటి పోలేదు. మాత్రాస్పర్శ అంటే ఇంద్రియాలకి బయటివి వచ్చి తగలడం, దుప్పటీ చెమటా అందులోవే. నా పేచీ శ్లోకంలో లేనిది తెచ్చి అంటించేవాళ్ళతో. ఒక్క పని చేయండి, 11 నుంచి 30 దాకా కలిపి చదవండి. పక్కనే 15లో, ఇవి ఎవరిని కలత పెట్టవో వాడు అమృతత్వానికి తగినవాడు అని ఉంది. 14 దగ్గరే ఆగితే ఓర్చుకోవడం వరకే.

అరుగుమీద:
ఏమీ అనుకోలేదండీ. 15 ఇప్పుడే చదివాను. అమృతత్వం నాకింకా ఎక్కలేదు, ప్రస్తుతానికి ఓర్చుకోవడం దగ్గరే ఉన్నా. ఆ టికెట్ మీద అచ్చు పూర్తిగా వెలిసిపోయింది, నాన్న ఎక్కడ ఎక్కి ఎక్కడ దిగారో తెలియడం లేదు.

అమ్మ కూడా చదువుతానంటోంది. పదం పదానికీ అర్థం ఉండి, అక్షరాలు పెద్దగా ఉన్న తెలుగు గీత ఎవరి దగ్గరైనా ఉంటే ఒక పేజీ ఫొటో పెట్టరూ? ఈ జేబు పుస్తకం ఆవిడ కళ్ళకి ఆనడం లేదు.