గుజ్జు ఇంజెక్షన్ వేస్తే మోకాలు సొంతంగా గుజ్జు చేసుకుంటుందా?

రాయగడ లక్ష్మి:
మా అమ్మకి 64. పీట మీద కూర్చుంటే చెయ్యి పట్టుకుని లేపాలి. విశాఖలో ఒక ఆసుపత్రి వాళ్ళు గుజ్జు ఇంజెక్షన్ వేస్తామన్నారు. ఆ తర్వాత మోకాలే గుజ్జు తయారుచేసుకుంటుందట. నిజమేనా?

పర్లాకిమిడి మేష్టారు:
అమ్మా, జనం గుజ్జు అనేది రెండింటిని. ఎముక చివర ఉండే మృదులాస్థి ఒకటి, కీలులోని జిగట ద్రవం ఇంకొకటి. ఇంజెక్షన్‌లో ఉండేది ఆ ద్రవానికి జిగటనిచ్చే హయలురోనాన్. అరిగిన మృదులాస్థి దానితో తిరిగి రాదు. ఇక తయారీ అంటారా, అది ఎప్పుడూ ఆగలేదు. 70 కిలోల మనిషి ఒంట్లో ఈ హయలురోనాన్ సుమారు 15 గ్రాములుంటుంది. అందులో మూడో వంతు రోజూ పోతుంది, కొత్తది వస్తుంది. చేసేది హయలురోనాన్ సింథేస్ అనే ఎంజైము. మనలో మూడున్నాయి: హాస్1, హాస్2, హాస్3. కణం పైపొరలోనే నాటుకుని ఉంటాయి. లోపలి నుంచి రెండు రకాల చక్కెర ముక్కలు తీసుకుని ఒకదాని తర్వాత ఒకటి అతికిస్తూ, గొలుసు పెరుగుతుండగానే బయటికి తోస్తాయి. జంతికల గొట్టంలోంచి తీగ దిగినట్టు. అరిగిన మోకాల్లో ఆ గొలుసులు పొట్టివవుతాయి, ద్రవం పలచబడుతుంది.

గుణుపురం శ్రీను:
తప్పు మేష్టారూ. ఇలాంటివన్నీ కణం లోపల గాల్జీ అనే భాగంలో తయారవుతాయని డిగ్రీలో చదివాను.

బరంపురం సుజాత:
ఆ ఇంజెక్షన్ మందు కోడి జుట్టులోంచి తీస్తారట కదా? మా అత్తయ్య శాకాహారి.

పర్లాకిమిడి మేష్టారు:
సుజాతమ్మా, కోడి జుట్టులోంచి తీసేవీ ఉన్నాయి, స్ట్రెప్టోకోకస్ బ్యాక్టీరియాతో చేసేవీ ఉన్నాయి. ఆ బ్యాక్టీరియాకీ ఈ ఎంజైము ఉంది. డబ్బా చూసి అడగండి.
బాబూ శ్రీనూ, మృదులాస్థిలో ఉండే కాండ్రాయిటిన్ సల్ఫేట్ లాంటి గొలుసులు ప్రొటీన్‌కి అతుక్కుని గాల్జీలో తయారవుతాయి. హయలురోనాన్‌కి ప్రొటీన్ లేదు, సల్ఫేట్ లేదు. అందుకే దీని దారి వేరు.

గుణుపురం శ్రీను:
పుస్తకంలో గాల్జీ అనే ఉంది.

బరంపురం సుజాత:
మా అత్తయ్యకి వేయించాక ఎనిమిది నెలలు హాయిగా ఉంది. మెట్లెక్కి మేడ మీద వడియాలు పెట్టింది. నొప్పి తగ్గాక ఎంజైము ఎక్కడుంటే ఏం?

పర్లాకిమిడి మేష్టారు:
కొందరికి ఉపశమనం ఉంటుంది, కాదనను. కానీ ఎక్కించిన మందు కొద్ది రోజుల్లోనే కీలులోంచి పోతుంది. గాజు పాత్రలో పెంచిన కీలుపొర కణాలకు పొడవు గొలుసుల హయలురోనాన్ ఇస్తే అవి ఎక్కువ తయారుచేసిన ప్రయోగాలున్నాయి. ఆసుపత్రి వాళ్ళ మాట అక్కడి నుంచి వచ్చి ఉంటుంది. పాత్రలో కణం వేరు, అరిగిన మోకాలు వేరు. అమెరికా ఎముకల వైద్యుల అకాడమీ 2021లో దీన్ని అందరికీ మామూలుగా వేయొద్దంది.

గుణుపురం శ్రీను:
ఇప్పుడా చెప్పడం? మా నాన్నకి మూడు వేశారు. వరి అమ్మిన డబ్బు పోయింది. డబ్బు సరే. "మీ మోకాలే చేసుకుంటుంది" అన్నారు కాబట్టి ఆయన వ్యాయామం మానేసి ఆరు నెలలు అరుగు మీద కూర్చున్నాడు. తొడలు పుల్లల్లా అయిపోయాయి. ఇప్పుడు కర్ర లేకుండా బాత్రూముకి వెళ్ళలేడు.

బరంపురం సుజాత:
తమ్ముడూ, బాధగా ఉంది. కానీ ఏదో ఒక ఆశ చెప్పకపోతే పెద్దవాళ్ళు ఆసుపత్రి గడపే తొక్కరు. మా అత్తయ్య ఆ మాట నమ్మే లేచి నడిచింది.

గుణుపురం శ్రీను:
మా నాన్న ఆ మాట నమ్మే కూర్చున్నాడక్కా.

పర్లాకిమిడి మేష్టారు:
శ్రీనూ, నేను ఎంజైము దగ్గరే ఆగిపోయాను. ముందే అడగాల్సింది. నొప్పి తగ్గిన ఆ నెలల్లోనే తొడ కండరాలకి బలం తెచ్చుకోవాలి. అది చెప్పకుండా ఇంజెక్షన్ వేయడం తప్పు. సుజాతమ్మా, ఆశ చెప్పండి, అబద్ధం వద్దు.

బరంపురం సుజాత:
అబద్ధమని నేను ఒప్పుకోను.

రాయగడ లక్ష్మి:
రేపు పొద్దున్న రైలుకి టికెట్లు తీశాను. మూడు ప్రశ్నలు కాగితం మీద రాసుకున్నా: ఎన్నాళ్ళు పనిచేస్తుంది, దేనితో చేశారు, ఏ వ్యాయామం చేయాలి. అమ్మకి ఇదంతా చదివి వినిపించాను. శ్రీను నాన్నగారి సంగతి మళ్ళీ చదవమంది.

గుణుపురం శ్రీను:
వ్యాయామం సంగతి ముందు అడగండి అక్కా. గాల్జీ మాట పుస్తకం తీసి రేపు చెప్తాను.